హైమక్క మేడమీది డబ్బా

ఆల్బమ్‌ల పనికని మొన్న మా స్టూడియోకు ఒక మినీ పీసీ కొన్నాం. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. పని ఎక్కువైనప్పుడు దాని లోపలి ఫ్యాను చెవి దగ్గర దోమ తిరిగినట్టు సన్నగా గుయ్యిమంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. యంత్రం మీద అంత కోపమేమిటని మా ఆవిడ నవ్వుతుంది. కోపం దీని మీద కాదు. అచ్చం ఇలాంటిదే పలమనేరులో హైమక్క మేడమీద ఒకటుంది, దాని మీద. అక్క పోయి ఏడాది దాటింది. ఆమె మీద బెంగ కాస్త నెమ్మదించింది గానీ, ఆ డబ్బా మీద కుళ్లు మాత్రం పిసరంత కూడా తగ్గలేదు.

హైమావతి పశువుల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. పలమనేరు దాటాక పొలాల మధ్య ఇల్లు, పక్కన ఆవుల కొట్టం, ఇంటి మీద మేడ, మేడమీద టెలిస్కోపు. బంధువుల పనిమీద తిరుపతి వచ్చి, పనిలో పనిగా పింఛను కాగితాలకు ఫోటో కావాలని నా స్టూడియోలో అడుగుపెట్టింది. స్టూలు మీద నిటారుగా కూర్చుని నన్ను కాకుండా నా కెమెరాను పరీక్షగా చూసింది. దాని కన్ను ఎంతసేపు తెరిచి పెట్టగలవని అడిగింది. పెళ్లికూతుళ్లు అంతసేపు కదలకుండా కూర్చోరు డాక్టరమ్మా అన్నాను. "నా కాడ కదలకుండా కూసునేవాళ్లు శానామంది ఉండారు. ఒకసారి రాప్పా" అంది. ఆ ఆదివారమే బండి తీశాను. మొగిలి ఘాట్ ఎక్కేసరికి చలి మొదలైంది. చీకటి బాగా పడ్డాక ఆమె టెలిస్కోపులో మృగశిర దగ్గర పొగమబ్బులా వెలిగే నెబ్యులాను చూపించింది. పొద్దస్తమానం జనాన్ని నవ్వండి నవ్వండి అని వేధించే నేను, ఆ పూట నోరు మెదపలేకపోయాను.

అప్పటినుంచి అమావాస్య వస్తోందంటే ఆమె ఫోను కోసం చూసేవాణ్ణి. డాక్టరమ్మ హైమక్క అయింది. బరువైన స్టాండు మెట్లమీదుగా మోయడం, ధ్రువనక్షత్రానికి గురి కుదర్చడం, అద్దం మీద పడే మంచును తల ఆరబెట్టుకునే మిషనుతో పోగొట్టడం, అన్నీ నా పనులే. చాలాకాలం నన్ను కెమెరా ముట్టుకోనివ్వలేదు. "నీ కంటికి తెలీంది కెమెరాకి యాడ తెలుస్తాది?" అనేది. ఆ మేడమీద ఒక పద్ధతి ఉండేది. దేనికి గురిపెట్టినా మొదటి చూపు అక్కది, రెండోది నాది, ఆ తర్వాతే కెమెరాది. కదలకుండా కాచుకుని ఉండటం నాకు అక్కడే అబ్బింది. ఆ తర్వాత పెళ్లిళ్లలో నవ్వమనడం మానేసి, వాళ్లంతట వాళ్లు నవ్వేదాకా ఆగడం మొదలుపెట్టాను. ఇప్పుడు నాకంటూ కాస్త పేరుందంటే అదంతా ఆమె పెట్టిన భిక్షే.

అయితే ఆమె నోటినుంచి మెచ్చుకోలు రాబట్టడం ఎవరి తరమూ కాదు అనుకునేవాణ్ణి. ఆవు ఈనితే బాగుండాది అనేది, చారు తాగి బాగుండాది అనేది, ఎదురింటివాళ్ల టమాటా తోట చూసి బాగుండాది అనేది. నా ఫోటో చూపిస్తే మాత్రం "పర్వాలేదు" దగ్గర ఆగిపోయేది. ఒక చలికాలం ఎంతో కష్టపడి తీసిన గెలాక్సీ ఫోటోను పెద్దసైజులో ప్రింటు వేయించి పట్టుకెళ్లాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "పర్వాలేదు. అంచుల్లో సుక్కలు సాగినాయి, సూడు" అంది. ఘాట్ దిగుతున్నంతసేపూ నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎప్పటికైనా ఆమె నోట ఆ ఒక్క మాట అనిపించుకోవాలని పట్టుదల పెట్టుకున్నాను.

అలాంటి రోజుల్లో వచ్చింది డబ్బా. మంచులో కూర్చుంటే అక్కకు ఆయాసం ఎక్కువవుతోందని, ఒక మినీ పీసీ తెప్పించి టెలిస్కోపు పక్కన పట్టీలతో బిగించింది. కెమెరా, టెలిస్కోపును తిప్పే మోటార్లు, అన్నిటి వైర్లూ దానిలోకే. అక్క కింద గదిలో మంచం మీద రగ్గు కప్పుకుని లాప్‌టాప్‌లో నక్షత్రం పేరు నొక్కితే, పైన టెలిస్కోపు దానంతట అదే తిరిగి గురిపెట్టి ఫోటోలు తీసేది. ఆ అమావాస్యకు వెళ్లిన నాకు చెయ్యడానికి పనే లేదు. మంచు తుడుద్దామంటే దానికీ వేడి పట్టీ కట్టేసింది. కూసో, కాఫీ తాగు అంది, చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి అన్నట్టు. వైర్లు చిక్కుపడతాయేమో, కరెంటు పోతే ఏం గతి అని ఏవేవో వంకలు పెట్టాను. "దానికి ఆకలి కాదు, నిద్ర రాదు, అలగడం అసలే తెలీదు" అంది అక్క. సవతి పోరు అంటే ఏమిటో నాకు ఆ పూట అర్థమైంది.

డబ్బాతోనే పోతే సర్దుకుందును. నగరి నుంచి సుగుణ అనే సైన్సు టీచరు ఫోనులో అక్కకు పరిచయమైంది. వాళ్లది మరమగ్గాల ఇల్లు. మగ్గాలు ఆడుతుంటే గోడలే అదురుతాయి, ఇక టెలిస్కోపు ఎక్కడ నిలుస్తుంది? అందుకని అక్క ఆమెకు డబ్బా పాస్‌వర్డు ఇచ్చింది. సుగుణ నగరిలో తన ఇంట్లో కూర్చుని పలమనేరు టెలిస్కోపును తిప్పేది. ఒక్కనాడూ స్టాండు మోయలేదు, వేళ్లు కొంకర్లుపోయే చలిలో నిలబడలేదు. కొన్నాళ్లకు ఆమె తీసిన గుర్రపుతల నెబ్యులా ఫోటో అక్క గదిలో గోడెక్కింది. దాన్ని నాకు చూపిస్తూ అక్క "బాగుండాది గదా" అంది. నేనూ తల ఊపాను. నిజంగానే బాగుంది, అదే నా బాధ. కుళ్లుకున్నాను, ఇంకో మాట లేదు. ఆమె అక్క ఇంటి గడపైనా తొక్కలేదే, నాకు ఇన్నేళ్లుగా దక్కనిది ఆమెకు ఎలా దక్కిందని లోలోపల కుమిలిపోయాను.

ఆ ఏడు ఆయుధపూజకు అక్క నన్ను పిలిచింది. ఆమె ఇంట్లో ఆ రోజు పాలు పితికే మిషను, ట్రాక్టరు, గడ్డి కోసే చాఫ్ కట్టరు, అన్నిటికీ పూజే. టెలిస్కోపు దగ్గర మాత్రం మహా జాగ్రత్త. అద్దం మీద కుంకుమ రాలకూడదని మూత గట్టిగా బిగించి, గొట్టానికి దూరంగా ఒక్క బొట్టు పెట్టింది. ఆ జాగ్రత్తంతా డబ్బా దగ్గరికొచ్చేసరికి మరిచిపోయింది. ముద్దుబిడ్డకు పెట్టినట్టు నాలుగు పక్కలా గంధం, కుంకుమ దట్టంగా అద్ది, బంతిపూల దండ చుట్టింది. గాలి పోవడానికి ఉన్న సన్నని రంధ్రాలన్నీ గంధంతో పూడుకుపోయాయి. పొద్దుగూకాక దండ తీసి డబ్బాను ఆన్ చేస్తే, ఫ్యాను కాసేపు మూలిగి, ఉన్న కుంకుమంతా లోపలికి పీల్చుకుని ఊరకుండిపోయింది. ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. నగరి నుంచి సుగుణ ఫోను చేసి తెర కదలడం లేదని చెప్పింది. నేను అయ్యో అన్నాను గానీ, నా గొంతు నాకే పండగలా వినిపించింది. "శానా దినాలకి నీ గొంతులో ఎలుగొచ్చింది అబ్బా" అంది అక్క.

డబ్బా లేకపోతే ఏం, చేతులు లేవా అని ఆమెకు టెలిస్కోపు దగ్గర కుర్చీ వేశాను. నవమి వెన్నెల్లో మసక నెబ్యులాలు కుదరవు కాబట్టి శనిగ్రహాన్ని ఎంచుకున్నాను. కెమెరా విప్పి, కంటితో చూసే కటకం పెట్టి, టెలిస్కోపు పక్కన ఉండే చిన్న దుర్బిణిలోంచి గురి కుదిర్చాను. మొదటి చూపు అక్కది కదా, పెద్ద దాంట్లో నేను చూడకుండానే ఆమెను పిలిచాను. ఆమె వంగి కన్ను ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"బాగుండాది. శానా బాగా కుదిర్చినావు మునిరత్నం" అంది.

ఇన్నేళ్లుగా కాచుకున్న మాట వచ్చేసింది. నేనూ చూద్దామని టెలిస్కోపు ముందువైపు నుంచి తిరిగి వస్తూ, అద్దం మీద పొద్దున బిగించిన మూత అలాగే ఉండటం చూశాను. చప్పుడు కాకుండా తీద్దామనుకున్నా అది టక్కుమంది. అక్క తల తిప్పింది.

"మూత తీయలేదా?"

"ఇప్పుడే తీసినానక్కా."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "శానాళ్లయింది కండ్లు సరిగా కనపడక. ఎదురుగా సూస్తే నడిమంతా మచ్చే. ఆ డబ్బా ఐతే తెర మీద పెద్దగా సూపిస్తాది, పక్క సూపుకి కొంచెం దొరుకుతాది" అంది. నాకెందుకు చెప్పలేదని అడిగాను. "సెప్తే నువ్వు సూసి నాకు సెప్తావు. నాకు సెప్పించుకునేది వద్దు అబ్బా, సూడాల" అంది.

నేను కిందికి వెళ్లి కెమెరా సంచిలోంచి దుమ్ము ఊదే రబ్బరు గాలి బుడ్డీ, మెత్తటి బ్రష్షు తెచ్చాను. డబ్బా మూత విప్పి, ఫ్యాను రెక్కల మీది గంధాన్నీ కుంకుమనూ నెమ్మదిగా దులిపాను. కెమెరా మళ్లీ తగిలించి ఆన్ చేస్తే అది గుయ్యిమంది. నగరి నుంచి సుగుణ శనిగ్రహాన్ని అక్క లాప్‌టాప్ తెరమీదికి తెచ్చింది. అక్క తల ఒక పక్కకు వంచి, కోడి గింజను చూసినట్టు ఓరగా చూస్తూ కూర్చుంది. ఈసారి ఏమీ అనలేదు. అంత తీరిగ్గా, అంత ఆశగా ఆమె దేన్నైనా చూడటం నా కంటపడింది అదే మొదటిసారి.

ఇప్పటికీ ఆ టెలిస్కోపు అదే మేడమీద ఉంది, అక్క మరదలు ఇల్లు చూసుకుంటోంది. దాన్ని తిప్పేది సుగుణ, వెళ్లి డబ్బా దుమ్ము దులిపి వచ్చేది నేను. సుగుణ తను తీసిన ఫోటో పంపినప్పుడల్లా పెద్దది చేసి అంచుల్లో నక్షత్రాలు సాగాయేమోనని వెతుకుతాను. ఎక్కడా సాగవు. సుగుణకు వచ్చిన మెచ్చుకోలు అక్క చూసి అన్నది. నాకు వచ్చింది ఏమీ కనపడని చీకట్లో, నా కోసం అన్నది. రెండింట్లో ఏది ఎక్కువ ప్రేమతో అన్నదో నాకు బాగా తెలుసు. అయినా నాకు సుగుణదే కావాలి.