ఆకుపచ్చ పీలిక

ఆళ్లగడ్డలో పెళ్లి వీడియోలు తీసేది యూసుఫ్ అని అందరికీ తెలుసు. తీసినవాటిని పదిలంగా దాచేది అతని భార్య జైనాబీ అని మాత్రం ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఎవరడిగినా "అంతా నేనే సూసుకుంటా" అని మీసం దువ్వేవాడు ఆ మహానుభావుడు.

జైనాబీ చదివింది ఏడో తరగతి. చేతిలో ఉన్న విద్య కుట్టుపని. అయినా ఇంట్లో కంప్యూటర్ పెట్టె మూత తీయాలంటే ఆమే తీయాలి. పెళ్లిళ్లు పెరిగేకొద్దీ అందులో హార్డ్ డిస్కులు నాలుగయ్యాయి. పెళ్లివారు తాంబూలంతో పాటు ఇచ్చే రవికె గుడ్డల్లోంచి పీలికలు చించి, డిస్కుకొకటి, దాన్ని మదర్‌బోర్డుకు కలిపే వైరుకొకటి, అదే రంగుది ముడివేసింది. ఎర్రది ఎర్రదానికే, ఆకుపచ్చది ఆకుపచ్చదానికే. ఏ డిస్కులో ఎవరి పెళ్లి ఉందో రంగు చూసి చెప్పేది.

ఈ ఏడు యూసుఫ్ ఆ పెట్టెను నంద్యాలలో కంప్యూటర్ అంగడికి తీసుకెళ్లి కొత్తరకం డిస్కొకటి పెట్టించాడు. వేలెడంత ఉంటుంది, వైరు అక్కర్లేదు, నేరుగా బోర్డు మీదే కూర్చుంటుంది. ఇంటికొచ్చి ఆన్ చేస్తే తెర మీద కొత్తది కనిపించింది గానీ ఆకుపచ్చ పీలిక డిస్కు మాయమైంది. మళ్లీ నంద్యాల పరుగు. అంగడతను ఆన్ చేసి చూసి, "ఇది సచ్చిపోయిందన్నా, పారెయ్" అన్నాడు.

సరిగ్గా ఆ డిస్కులోనే శిరివెళ్ల యశోదమ్మ కూతురు మంజుల పెళ్లి ఉంది. యశోదమ్మ భర్త పోయి ఏడాదైంది. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ ఉన్నది ఆ ఒక్క వీడియోలోనే. వాళ్లకిచ్చిన సీడీ ఎప్పుడో గీతలు పడి పాడైంది. "ఆదివారం వస్తాం నాయనా, ఒక్కసారి సూపీ" అని ఆమె ఫోను చేసింది.

"పోయిందని చెప్పేస్తా. ఏం జేసేది?" అన్నాడు యూసుఫ్, తల పట్టుకుని.

"కాసేపు నోరు మూసుకో" అని జైనాబీ మూత తీసి, ఆన్ చేసి, ఆకుపచ్చ పీలిక డిస్కు మీద అరచెయ్యి పెట్టింది. సన్నటి అదురు. "ఏందయ్యా, సచ్చిందంటివి! లోపల తిరుగుతాంది సూడు."

కుట్టు తప్పితే ముందు సూది మార్చాలి గానీ గుడ్డను తిట్టకూడదని ఆమె ముప్పై ఏళ్ల అనుభవం. మరి ఈ డిస్కును వేరే వైరుకు తగిలించి చూశారా? లేదు. ఏ రంగుది ఆ రంగుకేనని తను పెట్టిన కట్టుబాటును నంద్యాల అంగడతను కూడా దాటలేదు. తప్పు తనదేనని జైనాబీ నాలుక కరుచుకుంది.

కరెంటు ఆపి, కత్తెరతో తన ముడులు తనే కత్తిరించింది. ఎర్రదాని వైరు ఆకుపచ్చదానికి, ఆకుపచ్చదాని వైరు ఎర్రదానికి మార్చి ఆన్ చేసింది. చచ్చిందన్న డిస్కు తెర మీద కనిపించింది, నిక్షేపంగా ఉన్న ఎర్రది మాయమైంది! అంటే తప్పు డిస్కుది కాదు. మళ్లీ కరెంటు ఆపి, ఆకుపచ్చ వైరు కొసను బోర్డు మీది గుంతలోంచి పీకి ఖాళీగా ఉన్న ఇంకో గుంతలో దూర్చింది. కొత్తదానితో కలిపి ఐదూ వరసగా నిలబడ్డాయి.

నంద్యాలకు ఫోను కొడితే అంగడతను బోర్డుతో వచ్చిన పుస్తకం తిరగేసి నీళ్లు నమిలాడు. "అవునక్కా. ఆ కొత్తది పెడితే ఆ గుంత పనిజేయదంట. ఈడ రాసినారు, నేనే సూడలే."

ఆదివారం తల్లీకూతుళ్లు వచ్చారు. తెర మీద పెళ్లిబంతిలో పాయసం వడ్డిస్తూ ఆయన కెమెరా వైపు గరిటె ఊపాడు. "నన్నేంటికి తీస్తాండావ్‌రా, పెండ్లికూతుర్ని తీయిపో!" యశోదమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"మా ఆయన్ని మళ్లా సూపిస్తివి యూసుఫూ!"

యూసుఫ్ చెయ్యి అలవాటుగా మీసం మీదికి వెళ్లి ఆగింది. "నేను కాదు పెద్దమ్మా. నేను పారేద్దామంటి. నిలబెట్టింది మా జైనాబీ."

ఇరవై ఆరేళ్ల కాపురంలో నలుగురి ముందు ఆ మాట రావడం అదే మొదటిసారి. జైనాబీకి గర్వంతో ఒళ్లు పొంగింది. మంజుల యూసుఫ్‌ను దాటుకొచ్చి, తను తెచ్చిన రవికె గుడ్డను ఆమె చేతిలో పెట్టింది.

దాంట్లోంచి జైనాబీ పీలిక చించలేదు. సాయంత్రంలోగా తనకే రవికె కుట్టుకుంది.