వెర్లీన్ గోడలు

మా ట్రైలర్ పార్కులో, అంటే చక్రాల మీది ఇళ్లు తెచ్చి అద్దె స్థలాల్లో నిలుపుకునే చోట, ఒక నియమం ఉంది. పదేళ్లు దాటిన ట్రైలర్‌ని లోపలికి రానివ్వకూడదు. రానిస్తే అది అక్కడే కుళ్లి, అక్కడే కూలి, చివరికి దాన్ని ఈడ్చి పారేసే పని మేనేజర్ నెత్తిన పడుతుంది. ఆ మేనేజర్‌ని నేనే. పద్దెనిమిదేళ్లుగా ఈ ఈడ్చుడు పని చేస్తున్నాను కాబట్టి ఆ నియమం మీద నాకు చాలా గౌరవం. మేనేజర్ తన కళ్లతో చూసి, తన పూచీ మీద సంతకం పెడితే మాత్రం పాతదాన్నైనా రానివ్వవచ్చు. అలాంటి సంతకం నేను అప్పటిదాకా ఒక్కటి కూడా పెట్టలేదు.

వెర్లీన్ స్టోడర్డ్ ఆగస్టు మొదట్లో నా ఆఫీసుకు వచ్చింది. తూర్పు ఓరెగాన్‌లోని మా చిన్న ఊళ్లో ఆమెను ఎరగనివాళ్లు లేరు. ముప్పై ఒక్కేళ్లుగా బడి వంటగదిలో పని చేస్తోంది. గురువారం చిల్లీ, అంటే బీన్సూ మాంసమూ కలిపి ఉడికించిన కూర, దాని పక్కన దాల్చినచెక్క బన్ను. ఊళ్లో ముప్పై అయిదు దాటని ప్రతివాడూ అది తిని పెరిగినవాడే. పెళ్లయిన ఏడాది నుంచి ఇప్పటిదాకా ఆమెవన్నీ అద్దె ఇళ్లే. మొగుడు పోయాక కూడా ఇద్దరూ చివరగా అద్దెకున్న ఇంట్లోనే ఉంటూ వచ్చింది. ఇప్పుడు ఆ ఇల్లు అమ్ముడుపోయింది. సెప్టెంబరు ఆఖరుకల్లా ఖాళీ చేయాలి. ఊళ్లో అద్దెకు మరో ఇల్లు లేదు.

"నా దగ్గరో ట్రైలర్ ఉంది ఆర్విడ్. పదిహేనడుగులు. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిది."

"అంటే నాకంటే అయిదేళ్లే చిన్నది. నన్ను ఉంచాలా వద్దా అనే పార్కు యజమాని ఇంకా తేల్చుకోలేదు, దాన్నెక్కడ రానిస్తాడు?"

"ముందు వచ్చి చూడవయ్యా. చూస్తే నీ సొమ్మేం పోయింది?"

వెళ్లి చూశాను. ఎవరో పశువులాయన "లాక్కెళ్తే చాలు" అని ఊరికే ఇచ్చేశాడట. అప్పటికి అందులో కోళ్లు కాపురం ఉన్నాయట. బడి సెలవులన్నీ దాని మీదే పెట్టి బాగు చేసింది. లేత పసుపు అల్మరాలు, మడత మంచం, రెండు బర్నర్ల పొయ్యి, కిటికీలకు గళ్ల కర్టెన్లు. నిజంగా ముచ్చటగా ఉంది. నేను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి కిటికీ కింది మూలలో, ఆ అందమైన రంగు మీద నొక్కాను. పిడిదాకా దిగిపోయింది.

ఆ కాలం ట్రైలర్లకు లోపల సన్నటి కర్రల చట్రం, పైన అల్యూమినియం రేకు. రేకుల అతుకుల్లోంచి నీరు దిగి కర్రను తినేస్తుంది. అందరూ ఒకటే తప్పు చేస్తారు. కంటికి కనిపిస్తుంది కదా అని లోపలి సోకులతో మొదలుపెడతారు. వెర్లీన్ అక్కడితో ఆగలేదు. బయట అతుకులన్నిటికీ సిలికాన్ జిగురు పూసేసింది. లోపలికి వెళ్లిన నీటికి బయటికొచ్చే దారి కూడా లేకుండా పోయింది.

"కేకు మీద క్రీము బాగా పూశావ్ వెర్లీన్. లోపల కేకే లేదు," అన్నాను. నా నోరు అంతే, మంచిది కాదు.

ఆమె ఏడవలేదు. స్క్రూడ్రైవర్ చేసిన చిల్లు వంక కాసేపు చూసింది. "సరే. ఎక్కణ్ణించి మొదలెట్టాలి?"

"నువ్వు కట్టిందంతా పీకాలి. రేకు విప్పాలి. ప్రతి కర్రా మార్చాలి. మళ్లీ రేకు తొడగాలి. సెప్టెంబరు ఆఖరుకి అవదు."

"అవుతుందా అని అడిగానా నిన్ను? ఎక్కణ్ణించి అని అడిగా."

ఆ ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు. మామూలుగా ఈ మాట చెబితే నన్ను తిట్టి వెళ్లిపోతారు. ఆఫీసు వెనక షెడ్డు ఖాళీగా ఉంది, అందులో పెట్టుకోమన్నాను.

మూడు వారాల్లో అంతా పీకేసింది. రేకుల్ని ఒక్కో మరమేకూ తీసి విప్పి గడ్డి మీద పరిచింది. లోపలి కర్రల్ని షెడ్డు వెనక కంచె దగ్గర పేర్చింది. ఆ మూడో వారం శనివారం పొద్దున ఆమె బడి వంటగది కడగడానికి వెళ్లింది. నేను అటుగా వెళ్తూ చూస్తే కంచె పక్కన ఇంత ఎత్తు కుళ్లిన కర్ర. పట్టుకుంటే పొడి రాలుతోంది. శనివారం మధ్యాహ్నానికి డంపింగ్ యార్డు మూసేస్తారు. పాపం, అసలే తీరిక లేని మనిషి కదా, ఈ ఒక్క పనైనా తప్పిద్దామనుకుని అంతా నా పికప్‌లోకి ఎత్తి, అక్కడ దింపేసి వచ్చాను. బుల్డోజర్ దాని మీదుగా వెళ్లడం నా కళ్లతో చూశాను.

పన్నెండున్నరకు వెర్లీన్ వచ్చింది.

"కంచె దగ్గర కర్రలేవి?"

"పారేశా. థాంక్స్ ఏం చెప్పక్కర్లేదులే."

ఆమె మొహం చూశాక నా నవ్వు ఆగిపోయింది.

"అవి చెత్త కాదు ఆర్విడ్. అవి నా గోడలు. ఏ ముక్క ఎక్కడిదో ఒక్కోదాని మీదా పెన్సిల్‌తో రాసుకున్నా. వాటిని చూసి కదా కొత్తవి కోసుకోవాలి!"

పెన్సిల్ రాతలు నేను చూడనే లేదు. ముందు వైపు వంపు, పైకప్పు వంపు, ఏ కర్ర ఎంత దూరంలో నిలబడేదో, అన్నీ ఆ కుప్పలోనే ఉన్నాయి. ఊళ్లో అందరి ట్రైలర్లకూ తప్పులెంచే నేను, ఒక మనిషి ఇంటిని నా చేతులతో ఎత్తుకెళ్లి చెత్తలో పోసి వచ్చాను. అంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు. నాలుగు వారాలే మిగిలాయి.

ఆమె బకెట్ బోర్లించి కూర్చుంది. నన్ను తిట్టలేదు, పొమ్మనలేదు. గడ్డి మీద పరిచిన రేకుల్నే చాలాసేపు చూసింది. తర్వాత లేచి, మోకాళ్ల మీద వంగి, పక్కగోడ రేకులో ఒక మర చిల్లులో వేలు పెట్టింది. తర్వాతి చిల్లు. దాని తర్వాతిది.

"ఇటు రా. ఈ చిల్లులన్నీ వరసలో ఉన్నాయి, చూశావా? మర ఎక్కడ దిగిందో దాని వెనక కర్ర ఉన్నట్టేగా?"

"అవును," అన్నాను.

"ఈ రేకు అంచు ఎలా వంగిందో గోడ కూడా అలాగే వంగాలిగా? బిస్కెట్లు కోసేశాక మిగిలిన పిండిని చూస్తే ఏ అచ్చు వాడారో తెలిసిపోదూ? అలాగే ఇదీను. పెన్సిల్ తేవయ్యా, అలా నోరు తెరుచుకుని నిలబడతావేం?"

రేకును ప్లైవుడ్ మీద పరిచి చుట్టూ గీత గీశాం. చిల్లు చిల్లులోంచీ పెన్సిల్ దించి చుక్క పెట్టాం. చుక్కలన్నీ కలిపితే గోడ మొత్తం కళ్ల ముందు కనిపించింది. ఆ రోజు నుంచి సాయంత్రం అయిదు కాగానే నేను రంపం పట్టుకుని షెడ్డులో ఉండేవాణ్ణి. మొదటి వారం సిగ్గుతో వెళ్లాను. తర్వాత వెళ్లాలనిపించి వెళ్లాను.

సెప్టెంబరు ఇరవై ఆరున ట్రైలర్ మీద మూడు గంటలు గొట్టంతో నీళ్లు కొట్టాం. అంతకు ముందే వెర్లీన్ లోపల మూలమూలనా మైదాపిండి చల్లింది. ఒక్క చుక్క దిగినా పిండి మీద మచ్చ పడుతుంది. ముందు కిటికీ కింద పడింది. కిటికీ ఊడదీసి, చుట్టూ నీరు దిగకుండా కొత్త పుట్టీ టేపు పెట్టి, మళ్లీ బిగించాం. మర్నాడు మళ్లీ మూడు గంటలు కొట్టాం. పిండి పొడిపొడిగానే ఉంది. నేను స్క్రూడ్రైవర్ తీసి ప్రతి మూలా నొక్కి చూశాను. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"దిగిందా?"

"దిగలేదు."

పద్దెనిమిదేళ్లలో మొదటి సంతకం పెట్టాను. ముప్పయ్యో తారీకున నా పికప్‌తో లాగి ఏడో నంబరు స్థలంలో నిలబెట్టాం. ఆ శనివారం నన్ను పొమ్మనకుండా పెన్సిల్ తెమ్మన్నందుకు నేను ఆమెకు ఇప్పటికీ మనసారా కృతజ్ఞుణ్ణి. ఆ మాట ఆమెతో అన్నాను కూడా. "బన్నులు చల్లారిపోతున్నాయి, తిను ముందు," అంది.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తట్టింది. చేతిలో సుత్తి ఉంది, చంకలో క్యాలెండర్ ఉంది.

"ఆర్విడ్, గోడకి మేకు కొట్టుకోవచ్చా?"

"ఎవరి గోడకి?"

"నా..." అని ఆగిపోయింది. సుత్తి కిందికి దించింది. "నలభయ్యేళ్ల అలవాటు. ఏ ఇంట్లోనూ ఓనర్లు ఒప్పుకునేవాళ్లు కాదు."

"అంగుళం దాటని మేకు చూసుకో, లేకపోతే రేకులోంచి బయటికొస్తుంది. కర్ర ఎక్కడుందో నాకంటే నీకే తెలుసు."

నేనూ వెంట వెళ్లాను. ఆమె గోడను తట్టి చూడలేదు, కొలవలేదు. నేరుగా ఒకచోట మేకు ఆనించి కొట్టి, క్యాలెండర్ తగిలించింది. తర్వాత జేబులోంచి ఇంకో మేకు తీసి, తగిలించడానికి ఏమీ లేకపోయినా, దాని పక్కనే అది కూడా కొట్టింది.