పల్లంలో పందిరి

గురువారం పొద్దున్నే దోసిందా ఆకాశం చూసి పళ్లు నూరింది. సముద్రం మీద నైరుతి మూల నల్లగా కమ్ముకొస్తోంది. సాయంత్రానికి వాన ఖాయం. తన ద్రాక్షపందిరి ఉన్నది పల్లంలో, గాలాడదు. తడిస్తే రెండు రోజుల్లో గుత్తులన్నీ బూజు పట్టిపోతాయి.

ఆవిడకి అరవై రెండేళ్లు. నలభై ఏళ్లుగా సముద్రం వెనక్కి తగ్గిన ఆటు వేళ బురదలో వంగి గుల్లలు ఏరడం, ఆ తర్వాత పందిరి కింద మెడ వెనక్కి విరిచి పనిచేయడం. నొప్పి లేని ఎముక ఒక్కటి లేదు. పండిందంతా ఇన్నాళ్లూ వైన్ కంపెనీకే తోలింది. ఈ ఏడు పంతం పట్టి రెండు స్టీలు పీపాలు తెచ్చింది. నిమ్మకాయంత పులుపుతో, చివర్న నాలుక్కి ఉప్పు తగిలే తెల్ల వైన్ తన పేరుతో చేస్తానని ఊరంతా చాటుకుంది. కుళ్లిన పండుతో ఆ వైన్ రమ్మన్నా రాదు.

మరి కోసేసుకోవచ్చుగా అంటారా? ఒక్కర్తే ఎంతని కోస్తుంది! గలీసియా తీరంలోని ఆ ఊళ్లో కోతకి కూలీలుండరు, ఇంటికో రోజు వంతు. ఆగస్టులో చర్చి మెట్ల మీద చీటీలు తీస్తారు. ఎవరి రోజున వాళ్ల తోటలో ఊరంతా దిగుతుంది. దోసిందా వంతు శనివారం. ఇవాళ్టిది ఎలాదియోది.

ఎలాదియో ఆవిడకి మరిది. పైన మెట్ట అతనిది, కింద పల్లం ఆవిడది. భర్త పోయిన ఏడు, రెంటి మధ్య పందిరి రాతిగుంజ ఒకటి జానెడు జరిగిందని గొడవైంది. జరిపిందెవరో దేవుడికే తెలియాలి. పదకొండేళ్లుగా మాటల్లేవు.

అయినా వంతు ఎగ్గొట్టే మనిషి కాదు. కత్తెర పట్టుకుని మెట్టకెళ్లి, తన పండు కళ్లెదురుగా వేలాడుతుంటే అతని గుత్తులు కోసింది. పెట్టె నిండినప్పుడల్లా సముద్రం వైపు చూసింది. పక్క వరసలో ఉన్న స్నేహితురాలు కార్మిన్యా ఇక ఉండబట్టలేకపోయింది.

"రోజు మార్చమని అడిగి చావరాదుటే? ప్రాణం తీస్తాడా?"

"తీయడు. ఎత్తిపొడుస్తాడు. అది నేను పడలేను."

మధ్యాహ్నం అందరూ చేపరొట్టె తింటుండగా గాలి తిరిగింది. ఎలాదియో సగంలో లేచాడు. ఇంకా తొందరపెడతాడు కాబోలని దోసిందా రొట్టె పక్కన పెట్టి కత్తెర అందుకుంది. అతను మాత్రం ఖాళీ పెట్టెలు ట్రాక్టర్లోకి విసిరేస్తున్నాడు.

"నాది మెట్ట. గాలికి ఆరుతుంది. కిందది ఆగదు, పదండి."

ఎవరూ కదల్లేదు. ఒకరి వంతు మధ్యలో ఆపడం ఆ ఊరు ఎరగదు.

"చెవుడా మీకు? ఆ తీగలు మా అన్నా నేనూ కలిసి నాటినవి."

కత్తెరలు కిందికి పరిగెత్తాయి. ఆఖరి పెట్టె కొట్లోకి చేరుతుండగా వాన విరుచుకుపడింది. రెండు రోజులు వదల్లేదు. గాలికి ఆరుతుందన్నది వట్టి మాటని అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

శనివారం తెరిపిచ్చింది. ఆవిడ వంతు కదా, పని లేకపోయినా ఊరంతా ఆవిడ గుమ్మం ముందుకొచ్చింది. దోసిందా అందర్నీ వెంటేసుకుని మెట్ట దారి పట్టింది. అతని పందిరి సగం బూజెక్కి ఉంది. ఒక్కో గుత్తీ అరచేతిలోకి తీసుకుని కుళ్లిన పండు ఒక్కొక్కటే గిల్లి పారేస్తూ, బాగున్నది పెట్టెలో వేస్తూ, కూర్చోకుండా ఆ జరిగిన గుంజ దాకా వచ్చింది. అక్కడ ఎలాదియో ఖాళీ పెట్టె ఒకటి పీటలా బోర్లించి నిలబడ్డాడు.

"కాసేపు కూర్చో వదినా. మెడ పట్టేస్తుంది."

ఆ పిలుపు విని పదకొండేళ్లయింది. దోసిందా ఆ గుంజనే పట్టుకుని ఏడ్చింది.