పేరు తెలియని సమాధికి సుందరమ్మ రాయి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది మాట ఇది. బద్వేలు దాటాక రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు. ముందు నల్ల కడపబండలు గోడకు ఆనించి ఉంటాయి. లోపల సుత్తి, ఉలులు, నీళ్ల డబ్బా. సమాధుల మీద పెట్టే రాళ్లకు అక్షరాలు చెక్కడం నా పని. మా నాయన దగ్గర నేర్చుకున్నాను. చదివింది మూడో తరగతే గానీ, ఏ ఇంటివాళ్ల రాయి మీద ఏం చెక్కానో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

మా పనిలో మార్కింగ్ అని ఒకటుంది. ఉలి పట్టకముందు అక్షరాలన్నీ సుద్దతో రాయి మీద గీసుకోవడం. అది అయ్యాక ఆ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు వచ్చి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి పైకి చదివి, “కొట్టప్పా” అనాలి. అప్పుడే మొదటి దెబ్బ. కాగితం మీద తప్పు దొర్లితే చించేయవచ్చు. రాయి మీద తప్పు పడితే అది మన తర్వాత కూడా ఉంటుంది. అందుకే మా నాయన ఆ పద్ధతి పెట్టాడు. నేనూ దాన్ని తప్పలేదు.

ఆ ఎండాకాలం సలోమి టీచరమ్మ వచ్చింది. బడిలో పాఠాలు చెబుతూనే నవలలు రాస్తుందని ఊళ్లో అనుకునేవాళ్లు. చేతిలో ఇటుకంత లావు పుస్తకం.

“అన్నా, రాయి గావల్ల. సుందరమ్మ అని పేరొక్కటి చాలు.”

“పుట్టిందీ పోయిందీ ఎప్పుడమ్మా?”

“తెలీదన్నా. ఆ పేరు గూడ నేను పెట్టిందే.”

నేను సుద్ద కింద పెట్టేశాను. ఆమె కూర్చుని చెప్పింది. వాళ్ల ఊరి చర్చి వెనక సమాధుల్లో, వాళ్ల ముత్తాత సమాధి పక్కన ఒక రాళ్ల కుప్ప ఉంది. సమాధుల పండగ వచ్చినప్పుడల్లా ఇంటివాళ్లు అన్నింటితో పాటు దానికీ సున్నం కొడతారు, కొవ్వొత్తి పెడతారు. అది ముత్తాతను కన్నతల్లిదని తెలుసు. కరువు పనుల్లో మట్టి మోసి బిడ్డను బతికించిందట. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు సలోమి ఎంత అడిగినా “ఎవురికి తెల్సు లేమే” అనేవాళ్లు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె తమ ఇంటి నాలుగు తరాల కథ రాసింది. చేతిలోని పుస్తకం అదే. ఆ తల్లికి సుందరమ్మ అని పేరు పెట్టింది.

“మీ ఇంట్లో పెద్దోళ్లు చదివి కొట్టమంటే కొడ్తానమ్మా,” అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. “మా రూతత్త ఉండాది. అదే కష్టం.”

నాలుగు రోజులకు రూతమ్మను ఆటోలో తీసుకొచ్చింది. సలోమి నాయనకు అక్క ఆమె. పండు ముసలి. తెల్ల చీర, చంకలో బైబిలు. దిగీదిగకముందే మొదలుపెట్టింది.

“ఏమప్పా దస్తగిరీ, ఈ పిల్ల కతలు రాసేది సాలక నీతో గూడ రాపిస్తాండాదా?”

“నువ్వు చదివితేనే అవ్వా.”

ఆమె వంగి, నేను ముందే గీసి ఉంచిన సుద్ద అక్షరాల కింద వేలు జరుపుతూ “సుం, ద, ర, మ్మ” అని చదివింది. వేలు తీసేసింది.

“చదివినా. కొట్టమని మాత్రం చెప్పను. దేవుని తోటలో అబద్ధం నాటుతారా యాడన్నా?”

“అబద్ధం కాదత్తా...”

“మరేంది? నిజమా? ఆయమ్మ నీ కల్లోకొచ్చి పేరు చెప్పిందా? నీ కతలో మా తాతమ్మ దొరసానితో మాట్లాడిందంటనే. మా ఇంటి ఆడోళ్లు మొగునితోనే మాట్లాడకపోతిరి, దొరసానితో మాట్లాడ్తారా!”

నాకు నవ్వాగలేదు. సలోమికి కూడా. కానీ ఆమె కళ్లలో నీళ్లున్నాయి. “అత్తా, ఒక్క పేజీ విను. అప్పుడు గూడ వద్దంటే ఈ రాయి ఈడనే ఇడ్సిపెట్టి పోతా. మళ్లీ అడగను,” అంది.

ముసలామె స్టూలు మీద కూర్చుంది. “కానీయ్. ఆటో వాడు ఉండాడు, తొందరగా సదువు.”

సలోమి చదివింది. కరువు పనుల దగ్గర అంబలి పోసే వరస. మేస్త్రీ మగవాళ్లను పేరు పెట్టి పిలుస్తాడు. ఆడవాళ్లను “ఇంగొకతి, ఇంగొకతి” అంటాడు. సుందరమ్మ మాత్రం రోజూ గిన్నె చాపి, “నా పేరు సుందరమ్మ” అంటుంది. ఆయన తలెత్తడు. మర్నాడు మళ్లీ చెబుతుంది. అంబలి అడుగంటిన రోజు కూడా, వరసలో చివర నిలబడి, గొంతు ఎండిపోయి ఉన్నా, తన పేరు చెబుతుంది.

షెడ్డులో నేను ఉలి కదిలించలేదు. అక్షరం కనబడితే ఎంత లోతు కొట్టాలో చూసే కన్ను నాది. ఆ రోజు మాత్రం అక్షరాల్లోంచి ఒక మనిషి వచ్చి, చేతిలో గిన్నెతో, నా బండల మధ్య నిలబడింది.

పేజీ అయిపోయింది. రూతమ్మ ఎటో చూస్తోంది. అటు చూస్తూనే అడిగింది.

“ఆ పొద్దు అంబలి దొరికిందా?”

“దొరికిందత్తా. ఒక గరిటె. బిడ్డకు తాపింది.”

“ఆ బిడ్డ మా తాతే గదమ్మే,” అంది ముసలామె మెల్లగా. “నాకు బాగా గుర్తు. అంబలి తాగినాంక గిన్నెలో నీళ్లు పోసుకోని, తొలిపి ఆ నీళ్లు గూడ తాగుతాండె. మేము నగుతాంటిమి.” మళ్లీ ఆగి, “మరి ఆయమ్మ ఏం తినె?” అంది.

సలోమి పుస్తకం మూసింది. “అది రాయలేదత్తా.”

“రాయలేదా! అంతమందికి పెండ్లిండ్లు జేస్తివి, సావులు జేస్తివి, ఆయమ్మకింత పొయ్యలేకపోతివా?”

లేని పేరు, అబద్ధం అన్న మనిషే, ఆ పేరున్న తల్లి ఆకలితో పడుకుందేమోనని మేనకోడలిని కోప్పడుతోంది. జీవితమంతా నేను నిజమైన పేర్లు చెక్కాను. వాళ్లలో ఒక్కరి గురించైనా, తిన్నారా లేదా అని ఎవరూ నా ముందు అడగలేదు. ఇంత పని ఉత్త కాగితం చేయగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

రూతమ్మ లేచి రాయి దగ్గరికి వచ్చింది. “దస్తగిరీ, ఆ పేరు తుడువు.”

సలోమి తల వంచుకుంది. నేను తడిగుడ్డతో తుడిచాను.

“ఇప్పుడు నేను చెప్పేది రాయి. ‘మా తల్లి. ఈమెను మేము సుందరమ్మ అని పిలుచుకుంటాము.’ ఇందులో అబద్ధం ఉండాదా?”

“లేదవ్వా.”

“మరి గీయి.”

గీశాను. ఆమె ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, బైబిలు చదివే గొంతుతో, ఆటో వాడికి కూడా వినబడేలా చదివింది. “కొట్టప్పా,” అంది.

ఆ ఏడాది సమాధుల పండక్కి నన్నూ రమ్మన్నారు. సాయంత్రం కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. పుస్తకం చదివినవాళ్లట, ఎవరో కర్నూలు నుంచి వచ్చి సుందరమ్మ రాయి మీద బంతిపూలు పెడుతున్నారు. ఆ పక్కనే రూతమ్మ పెద్ద తపేలా ముందు కూర్చుని, వచ్చిన వాళ్లందరికీ అంబలి పోస్తోంది. నేను పోకముందే మొదటి గ్లాసు సలోమికే ఇచ్చిందట.

“తాగు. ఇంగోసారి రాసేటప్పుడు ఆయమ్మకు గూడ పొయ్యి,” అందట.

ఇప్పుడు మిషన్లు వచ్చాయి, గంటలో రాయి తయారవుతోంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లను మాత్రం, కొలతలు అడగకముందు, “ఆ మనిషికి ఏం తినడం ఇష్టమమ్మా?” అని అడుగుతాను. మొదట వింతగా చూస్తారు. తర్వాత చెప్పడం మొదలుపెడతారు. నవ్వుతారు, ఏడుస్తారు, ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటారు. వాళ్లు చెప్పింది విన్నాకే సుద్ద పడతాను.