పులి ఓడిపోతే

నా చిన్నప్పుడు నరసరావుపేటలో మా మేనత్త వాళ్ళ వీధి చివర వీడియో గేముల కొట్టు ఒకటి ఉండేది. చీకటి గది, వరసగా టీవీలు, వాటి ముందు ఒకళ్ళనొకళ్ళు తోసుకునే మగపిల్లలు. నేను గుమ్మం దగ్గరికి వెళితే చాలు, కొట్టాయన "ఆడపిల్లవి, నీకెందుకే ఇయ్యన్నీ, ఇంటికి పో" అని కసిరేవాడు. ఇంటికి పోతే ఎవరున్నారు గనక! అత్తా మామయ్యా ఎరువుల కొట్టులో ఉండేవాళ్ళు, దీపాలు పెట్టే వేళకి గానీ రారు. మా ఊళ్ళో హైస్కూలు లేదని మా నాన్న నన్ను తెచ్చి అక్కడ దించిపోయాడు. బడి వదిలాక సాయంత్రమంతా వరండాలో నాపరాళ్ళ గచ్చు మీద కూర్చుని గోడ మీది బల్లితో మాట్లాడేదాన్ని. నవ్వితే నవ్వండి. మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాదు, చాలామంది మనుషుల కంటే అదే నయం.

అందుకే ఇప్పుడు పిల్లలు ఫోన్లో ఆడుకుంటున్నారని తల్లులు గుండెలు బాదుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. సినిమాలతో చెడిపోతారన్నారు, టీవీతో చెడిపోతారన్నారు, చెడిపోయేవాళ్ళు ఏమీ లేకపోయినా చెడిపోయారు. పలకరించే దిక్కు లేని పిల్లకి ఎదురుగా ఏదో ఒకటి బదులిస్తే ఎంత ప్రాణం లేచొస్తుందో వీళ్ళకేం తెలుసు?

మా పక్కింటి అక్క డిగ్రీ అయ్యాక కంప్యూటరు కోర్సులో చేరింది. ఆ రోజుల్లో కంప్యూటరు గదిలోకి గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విప్పి వెళ్ళాలి. యంత్రాలు తక్కువ, నేర్చుకునేవాళ్ళు ఎక్కువ. తన వంతు వచ్చి కూర్చునేలోపే టైమైపోయిందని లేపేవాళ్ళట. అందుకని అక్క ఇంటి దగ్గర వేళ్ళు ఆడిస్తూ నోట్లోనే ఏదో గొణుక్కునేది. నేనేమో పులి-మేక ఆడదాం రమ్మని దాని కొంగు వదిలేదాన్ని కాదు. మా వరండా రాయి మీద ఎవరో ఎప్పుడో ఉలితో చెక్కిన పులి-మేక పటం ఉండేది. పులులు గులకరాళ్ళు, మేకలు చింతగింజలు. పులి మేక మీంచి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ కలిసి పులులకి కదిలే దారి లేకుండా చేస్తే పులి ఓడినట్టు.

ఒకనాడు అక్క విసుక్కోకుండా వచ్చి కూర్చుంది. "నేను ఆడనమ్మా. నేనిప్పుడు కంప్యూటర్ని. పులుల్ని నువ్వు చెప్పినట్టే జరుపుతా. చెప్పనిది చెయ్యను" అంది. నేను "దూకు" అన్నాను. కదల్లేదు. "యాడ నుంచి యాడికి?" అని అడిగింది. అన్నీ విడమరిచి చెప్పాల్సి వచ్చేసరికి నా ప్రాణం విసిగిపోయింది. ఇంతలో వాళ్ళమ్మ పెరట్లోంచి "ఏమే, పాలు పొంగుతున్నయ్ చూడవే" అని కేకేసింది. అక్క బొమ్మలా కూర్చుంది. పాలన్నీ పొయ్యిపాలయ్యాయి. వాళ్ళమ్మ అట్లకాడ పుచ్చుకుని వస్తే, అక్క నన్ను చూపించి "ఇది చెప్పలేదుగా మరి!" అంది. మా ఊరు వదిలాక నేను కడుపుబ్బా నవ్వింది ఆ రోజే.

ఇప్పుడు పాలు మరవని పిల్లలకి కూడా కోడింగ్ నేర్పుతామని ప్రకటనలు ఇస్తున్నారు. నేర్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు. యంత్రానికి మనం చెప్పింది తెలుస్తుంది గానీ మన మనసులో ఉన్నది తెలియదని నాకు ఆ పాలు పొంగిన రోజే అర్థమైంది. మనుషులకీ పెద్దగా తెలియదనుకోండి, అది వేరే సంగతి.

కోర్సు అయిపోయింది, అక్కకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వీధి వీధంతా సంబరపడింది. నేను మాత్రం నా బట్టలు సంచిలో కుక్కుకున్నాను. అక్క వెళ్ళిన మర్నాడే నేనూ బస్సెక్కి మా ఊరు పోవాలని, చదువూ వద్దు గిదువూ వద్దని తీర్మానించుకున్నాను. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం చెప్పిపోదామని వచ్చి అక్క ఆ సంచి చూసింది. తిట్టలేదు, బుజ్జగించనూ లేదు. పటం ముందు కూర్చోబెట్టి, "ఇక నుంచి మేకల్ని నీ తెలివితో ఆడు, పులుల్ని నా మాటతో ఆడు" అంది. ఎక్కాలు వల్లె వేయించినట్టు తన ఆజ్ఞలన్నీ నాతో చెప్పించింది. మేక మీంచి దూకే దారి ఉంటే దూకు. లేకపోతే మేకలు ఎక్కువున్న వైపు జరుగు. అదీ కుదరకపోతే ఖాళీ ఎక్కడుంటే అక్కడికి పో. అన్నిటికన్నా చివర్న ఇంకొకటి చేర్చింది: పులి ఓడిపోతే ఆట ఆపు, లేచి వీధిలోకి పో, మొదట కనపడ్డ మనిషికి ఆ మాట చెప్పు. ఎందుకక్కా అన్నాను. "కంప్యూటరు ఎందుకని అడగదు" అంది. పులిని ఓడించేదాకా ఊరు వెళ్ళనని కూడా నాతో ఒట్టు వేయించుకుంది.

అక్క వెళ్ళిపోయింది. పులి వంతు వచ్చినప్పుడల్లా నేను లేచి అవతలికి వెళ్ళి అక్క కూర్చునే చోట కూర్చునేదాన్ని. ఆ రాయి చల్లగా తగిలేది. రోజూ పులే గెలిచేది. ఉక్రోషంతో చింతగింజల్ని విసిరికొట్టి, మళ్ళీ నేనే ఏరుకునేదాన్ని. ఓ సాయంత్రం ఉన్నట్టుండి వెలిగింది: ఈ పులికి మేక కనపడితే ఆగడం తెలియదు! ఒక మేకని ఎర వేశాను, అది దూకింది, వెనక దారి మూసేశాను. అలా ఒక్కొక్క పులినీ కట్టేశాను.

గెలిచానని చప్పట్లు కొట్టి తలెత్తితే ఎదురుగా ఎవరూ లేరు. గోడ మీద బల్లి కూడా లేదు. ఏడుపొచ్చింది. ఓడినప్పుడు రాని ఏడుపు గెలిచాక వచ్చింది. ఒట్టు తీరిపోయింది, సంచి తీసుకుని పోవడమే తరువాయి. కానీ చివరి ఆజ్ఞ ఒకటి మిగిలింది కదా అని, ముక్కు చీదుకుంటూ వీధిలోకి వచ్చాను.

మొదట కనపడింది ఎదురింటి మామ్మ. ఆవిడంటే వీధిలో పిల్లలందరికీ హడల్. వాకిట్లో ఎండుమిరపకాయలు పోసుకుని, చేతికర్ర ఊపుతూ మేకల్నీ మమ్మల్నీ ఒకే తిట్టుతో తరిమేది. వెనక్కి పోదామనుకున్నాను. కానీ ఆజ్ఞ ఆజ్ఞే. "మామ్మా, పులి ఓడిపోయింది" అన్నాను.

"ఏందీ? పులా? యాడే?" అని కర్ర పట్టుకుని లేచింది. మా గచ్చు మీదికి వచ్చి పటాన్ని చాలాసేపు చూసింది. "చానా ఉందే నీకు తెలివి! ఎరేసి పట్టావా?" అని మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కూలబడింది. మాచర్ల దగ్గర వాళ్ళ పుట్టింట్లో ఆడవాళ్ళు మిరప కోతలయ్యాక పులి-మేక ఆడేవాళ్ళట, ఓడినవాళ్ళు కారం దంచాలట. ఆవిడ కళ్ళు మూసి తెరిచేలోగా నన్ను చిత్తుగా ఓడించి, చేతికి రోకలి ఇచ్చింది. ఆ ఘాటుకి తుమ్మలేక చచ్చాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి మామ్మే మా వరండాలో కూర్చుని "ఇంతసేపేందే?" అని గదమాయించింది. ఆ రాత్రే సంచిలోంచి బట్టలు తీసి దండెం మీద వేసుకున్నాను.

ఆ వేళప్పుడు వీధిలో మామ్మ తప్ప ఇంకెవరూ ఉండరని అక్కకి తెలుసు. మామ్మతో మాట్లాడే మనిషి లేడనీ తెలుసు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు.

ఇప్పుడు వినుకొండలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మధ్యాహ్నాలు తోచక నేనూ ఫోన్లో ఆడతాను, సిగ్గేం లేదు. ఈ ఆటల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. గెలిస్తే వెంటనే ఇంకో ఆట మొదలవుతుంది గానీ, లేచి బయటికి పొమ్మని ఏ ఆటా చెప్పదు. నాకు చెప్పిన మనిషి ఉంది గనక, గెలిచిన ప్రతిసారీ ఫోను పక్కన పెట్టి గేటు దగ్గరికి వెళతాను. ఎండలకి కొన్నాళ్ళు వీధిలో పిట్ట కూడా ఉండదు. మనిషే కనపడకపోతే ఏం చెయ్యాలో అక్క చెప్పలేదు. తిరిగి లోపలికి పొమ్మనీ చెప్పలేదు. అందుకని ఎవరో ఒకరు వచ్చేదాకా అక్కడే నిలబడి ఉంటాను.