తాతయ్య ఆడిన అబద్ధం

అవ్వ మా ఇంటికి వచ్చేనాటికి మా నాన్నకి అప్పుడప్పుడే నడక వస్తోందట. ఒక సాయంత్రం తాతయ్య ఒక చేత్తో రేకుపెట్టె, రెండో చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఈవిడ పిచ్చుక వాళ్ళమ్మ. ఇకనుంచి మనతోనే ఉంటుంది" అన్నాడట. నాయనమ్మ ఆవిడ మొహం చూసి, లోపలికి వెళ్ళి ఇంకో కంచం కడిగింది.

"ఎందుకు, ఏమిటి అని అడగలేదా?" అని నేనెప్పుడైనా అంటే నాయనమ్మ నవ్వేది. "అడిగితే మాత్రం చెప్పేవాడా? కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. మీ తాత నోట్లో నువ్వుల బస్తా పోసినా నాని మొలకలొస్తాయి."

పిచ్చుక అంటే సైన్యంలో తాతయ్య నేస్తం. బక్కపలచగా ఉండి పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతుండేవాడు కనక దళమంతా అతన్ని అలాగే పిలిచేది. ఇద్దరిదీ ఒకటే పని. శత్రువులు వెనక్కి పోతూ పొలాల్లో పాతిపెట్టిన మందుపాతరలను వెతికి తియ్యడం. నేలమీద బోర్లా పడుకుని, సన్నటి ఇనపచువ్వను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చుతూ, గట్టిగా ఏదైనా తగిలితే వేళ్ళతో చుట్టూ మట్టి తీస్తూ, జానెడు జానెడు ముందుకు పాకాలి. అలాంటి పొలంలోనే పిచ్చుక పోయాడు.

యుద్ధం అయిపోయాక తాతయ్య తిన్నగా మా ఇంటికి రాలేదు. ముందు పిచ్చుక ఇంటికి వెళ్ళాడు. "బాధపడలేదమ్మా. రెప్పపాటులో అయిపోయింది. వాడికి తెలియను కూడా తెలీదు" అని ఆ తల్లికి చెప్పాడు. ఆవిడకి ఆ ఒక్క కొడుకు తప్ప నా అన్నవాళ్ళు లేరు. తర్వాత కొన్నేళ్ళకి జ్వరంతో ఒంటరిగా పడి ఉందని తెలిసి, వెళ్ళి వెంటబెట్టుకొచ్చాడు.

తాతయ్య బస్సు డిపోలో టైర్ల షెడ్డులో పనిచేసేవాడు. విప్పిన టైరు లోపలికి చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, అరచేత్తో నెమ్మదిగా చుట్టూ తడిమేవాడు. గుచ్చుకున్న మేకో, తీగముక్కో చేతికి తగిలేదాకా మాట్లాడేవాడు కాదు. డిపోలో ఆయన్ని 'నత్తగారు' అనేవాళ్ళు. ఇంట్లోనూ అంతే. "ఈయన చెప్పులు వేసుకునేలోపు నేను వంట చేసి వడ్డించెయ్యగలను" అని నాయనమ్మ విసుక్కునేది. మనిషి అడుగు తీసి అడుగు వేసే ముందు నేలను చూసేవాడు, మా ఇంటి గచ్చు మీద కూడా.

ఆయన డిపో నుంచి రాగానే చేతులమీద నీళ్ళు పోసేది అవ్వే. "ఆ గోళ్ళ సందున మసి అలాగే ఉంది పెద్దోడా, ఇంకోసారి రుద్దు" అని గదమాయించేది. తల నెరిసిన తాతయ్య, చంటిపిల్లాడిలా మళ్ళీ సబ్బు తీసుకునేవాడు. నాన్నా నేనూ కూడా ఆవిడని 'అవ్వా' అనే పిలిచేవాళ్ళం. ఆవిడ మా రక్తం కాదని నాకు చాలాకాలం తెలియదు.

నేను ఆరో తరగతిలో ఉండగా జరిగింది ఇది. అవ్వ వంటింటి కిటికీ పక్కన మంచమ్మీద కూర్చుని, పక్కింటి టైలరమ్మతో కలిసి బఠాణీలు ఒలుస్తోంది. నేను కింద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. టైలరమ్మ కొడుక్కి వేరే ఊళ్ళో కొత్తగా ఉద్యోగం వచ్చింది. "గాడిదలా పెరిగాడా, ఇప్పటికీ తలనొప్పి వస్తే అమ్మా అంటూ ఫోన్ చేస్తాడు" అని ఆవిడ మురిసిపోతోంది.

"అదృష్టవంతురాలివి" అంది అవ్వ. "మా వాడు పోయేముందు నన్ను తలుచుకోను కూడా లేదు. అంత టైము ఎక్కడిది వాడికి?"

ఆ గొంతులో ఏడుపు లేదు. ఎన్నో ఏళ్ళుగా తనలో తాను అనుకుంటున్న మాట, ఇవాళ పైకి వచ్చింది. అప్పుడే డిపో నుంచి వచ్చిన తాతయ్య క్యారియర్ చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. టైలరమ్మ ఆయన మొహం చూసి, చేట పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయింది.

తాతయ్య అవ్వ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"తలుచుకున్నాడమ్మా."

అవ్వ చేతులు ఆగిపోయాయి.

"నేను అప్పుడు అబద్ధమాడాను. వాడు వెంటనే పోలేదు. కాలు పోయింది. చుట్టూ ఇంకా పాతరలున్నాయి. ఎవరూ లోపలికి అడుగుపెట్టొద్దని మా ఆఫీసరు అరిచాడు. నేను చువ్వ తీసుకుని దారి వెతుక్కుంటూ వాడివైపు పాకాను. వాడు అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉన్నాడు. తర్వాత అన్నా అని నన్ను పిలిచాడు. మళ్ళీ నిన్నే పిలిచాడు. నేను వెళ్ళేసరికి..."

"ఎంతసేపు?"

"పొద్దున్న మొదలుపెట్టాను. ఎండ నడినెత్తికి వచ్చింది."

అవ్వ చాలాసేపు ఆయన చేతులకేసి చూసింది. "నువ్వు పరిగెత్తలేదు" అంది.

"పరిగెడితే ఇద్దరం పోయేవాళ్ళమమ్మా."

అవ్వ ఒడిలో ఉన్న బఠాణీలు చేటలో పోసి, గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాటి నుంచి తాతయ్య చేతులమీద నీళ్ళు పోసేవాళ్ళు లేరు. అవ్వ ఆయనతో మాట్లాడటం మానేసింది. వెళ్ళిపోదామంటే ఆవిడకి చోటు లేదు, అదే ఇద్దరికీ శిక్ష. ఒకే వంటింట్లో, ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. ఏదైనా కావలసివస్తే, "అతనికి చెప్పు, కిటికీ రెక్క ఊడిందని" అని నాతో అనేది. ఆయన పక్కనే ఉండేవాడు. 'పెద్దోడు' పోయి 'అతను' మిగిలాడు. తాతయ్య లేచి వెళ్ళి రెక్క బిగించేవాడు.

నాయనమ్మ ఒకసారి ఉండబట్టలేక, "ఇన్నేళ్ళు కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు కదమ్మా, మనసు రాయి చేసుకోకు" అంది. "నాకు పెట్టిన తిండి మీద కోపం లేదే" అంది అవ్వ. "నా చెవుల్లో వాడి కేక పెట్టాడు. దాన్ని ఎక్కడ దించుకోను?"

అలా ఏళ్ళు గడిచాయి. తాతయ్య రిటైరయ్యాడు. అవ్వ నడుం విరిగి మంచాన పడింది. నాయనమ్మకి ఆవిడని ఎత్తే బలం లేదు. తాతయ్యే రెండు చేతులమీదా ఎత్తి దొడ్లోకి తీసుకెళ్ళేవాడు, కడిగించి తెచ్చేవాడు. ఆ కాసేపూ అవ్వ మొహం పక్కకి తిప్పుకునే ఉండేది.

ఒకరోజు ఆయన పడుకోబెడుతుంటే చొక్కా పట్టుకుంది. "ఏమని పిలిచాడు? మళ్ళీ చెప్పు."

తాతయ్య చెప్పాడు. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ పైరోజూ అడిగింది. రోజూ స్నానం అయ్యాక, దుప్పటి కప్పించుకుని, ఆవిడ అడిగేది. ఆయన మొదటినుంచీ చెప్పేవాడు. ఎండ, మట్టి, చువ్వ, కేకలు. ఏదైనా వదిలేస్తే, "అక్కడ దాహమన్నాడు కదా" అని గుర్తుచేసేది. చెప్పడం పూర్తయ్యాక తాతయ్య పెరట్లోకి వెళ్ళి కక్కుకునేవాడు. నాయనమ్మ గట్టిగా నీళ్ళు పోసి కడిగేది, ఆయన డోకులు అవ్వకి వినపడకుండా. "మానెయ్యవయ్యా, చచ్చిపోతావు" అంటే, "అది ఆవిడది. నేను దాచుకున్నాను. ఇచ్చెయ్యాలి" అన్నాడు.

అవ్వ పోయేముందు రోజు కొత్తగా ఇంకో మాట అడిగింది. "నువ్వు వస్తున్నావని వాడికి తెలుసా?"

"తెలుసమ్మా. నాకేసే చూస్తున్నాడు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. కాసేపటికి, "తిన్నావా?" అంది. అది ఆయనతోనే అంది. తాతయ్య తిన్నానన్నట్టు తల ఊపాడు. ఆరోజు ఆయన ఏమీ తినలేదు.

అవ్వ పోయాక ఆయన మనసు కుదుటపడుతుందని అందరం అనుకున్నాం. పడలేదు. రోజూ ఆ వేళకి ఖాళీ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, పెదవులు కదులుతుండేవి. మేం పలకరిస్తే ఉలిక్కిపడి లేచేవాడు. నాలుగేళ్ళు అలా గడిపి, ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే ఒరిగిపోయాడు.

మాజీ సైనికుల ఆఫీసు నుంచి కొందరు యూనిఫాంలో వచ్చారు, తుపాకులతో. గాల్లోకి పేల్చి గౌరవిస్తామని వాళ్ళ అధికారి చెప్పాడు. నా వయసువాడే. నాయనమ్మ గోడ పట్టుకుని లేచింది.

"వద్దు నాయనా, పేల్చకండి."

"అది ఆయనకి మేమిచ్చే మర్యాదమ్మా."

"తెలుసు బాబూ. పెళ్ళయినప్పటినుంచీ ఈ ఇంట్లో నేను తలుపు గట్టిగా వెయ్యలేదు. గిన్నె జారితే నా కాలు అడ్డంపెట్టి ఆపాను. ఈ ఒక్కపూట మీరు చప్పుడు చెయ్యకండి."

అతను ఒక క్షణం ఆవిడనే చూసి, వెనక్కి తిరిగి మెల్లగా ఏదో చెప్పాడు. వాళ్ళు తుపాకుల మొనలు నేలవైపు దించి వీధిలో బారుగా నిలబడ్డారు. మేము తాతయ్యని వాళ్ళ మధ్యనుంచే మోసుకెళ్ళాం. నాయనమ్మ గుమ్మం దాకా వచ్చి, తలుపును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.