మా ఆయన ఎడమ చెయ్యి

మా ఆయన ఎడమ చెయ్యి ఇక పనికిరాదని తేల్చింది డాక్టరు కాదు, తెనాలిలో ఒక మెకానిక్కు. నోట్లో గుట్కా నములుతూ, పక్కకి ఉమ్మేసి మరీ తేల్చాడు.

మేం రేపల్లెలో ఉంటాం, చేపలమ్ముకు బతుకుతాం. భుజం పట్టేసి ఆయన పడవ మానేశాక మోటారు సైకిలు కొన్నాం. తెల్లారేసరికి రేవు దగ్గర చేప తీసుకుంటాం. బండి వెనక ఐసు పెట్టె కట్టి, ఆయనకీ పెట్టెకీ మధ్య నేను ఇరుక్కుని కూర్చుంటాను. అలా పక్కనున్న నగరం అనే ఊరి వైపు పల్లెలన్నీ తిరుగుతాం. దారి పొడుగునా చేప నీళ్లు నా చీర మీదకి కారుతూనే ఉంటాయి. ఆ కంపు నాకు ఇప్పటికీ రోతే. చేపలమ్మేదానికి చేప కంపు రోతేంటని నవ్వేవాళ్లని చూస్తే ఇంకా రోత.

ఈ బేరంలో బండి పరిగెత్తేది తక్కువ, ఆగేది ఎక్కువ. గడప గడపకీ క్లచ్ నొక్కాలి. ఆ క్లచ్చే బిగుసుకుపోయింది. రెండు వేళ్లతో నొక్కే మనిషి నాలుగు వేళ్లూ వేశాడు, ఆ తర్వాత పళ్లు బిగపట్టి నొక్కడం మొదలుపెట్టాడు. ఒకరోజు నగరం దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద చెయ్యి జారింది. బండి ఒక్క గెంతు గెంతి ఆగింది. పెట్టె మూత ఊడి చేపలన్నీ బురదలో పడ్డాయి. వాటిని ఏరుతూ నడిరోడ్డు మీద అరిచాను.

“చేతిలో సత్తువ లేకపోతే చెప్పి చావచ్చుగా!”

ఆయన బురద చేపని లుంగీకి తుడుస్తూ నిలబడ్డాడు.

తెనాలి మెకానిక్కు లోపల క్లచ్ ప్లేట్లు అరిగాయని మార్చాడు. వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాం, బరువు అలాగే ఉందని. హ్యాండిల్ మీద క్లచ్ లివర్ దగ్గర నాలుగు చుక్కల నూనె పోసి, తన చేత్తో టకటకా నొక్కి చూశాడు.

“నాకు బానే ఉంది కదా బాబాయ్. బండికేం లేదు. నీ చెయ్యే అయిపోయింది.”

“వయసులో ఉన్న చేత్తో నొక్కితే నీకేం తెలుస్తుందయ్యా?” అన్నాను.

“మీరుండండి పిన్నిగారూ, బండి సంగతి మీకు తెలీదు,” అని మళ్లీ ఉమ్మాడు. అది నా చెప్పు అంచు మీద పడింది. ఆ చెప్పుల్ని ఇంటికొచ్చాక మూడుసార్లు కడిగాను.

బాపట్లలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు ఇంకొకడికి చూపించాం. వాడు పొడుగు లివర్ బిగించాడు. నొక్కడం తేలికైంది గానీ గేరు సరిగ్గా పడేది కాదు, పడ్డప్పుడల్లా బండి గర్రుమనేది. పాతదే మళ్లీ పెడుతూ వాడూ అదే పాట పాడాడు. “తాతా, దీన్ని అమ్మేసి గేర్లు లేని బండి కొనుక్కో. ఎంత కాలమని కుస్తీ పడతావు?”

అప్పటి నుంచి మా ఆయన ఎడమ చేతిని తువ్వాలు కింద దాచుకోవడం మొదలుపెట్టాడు. అన్నం తినేటప్పుడు కూడా ఆ చెయ్యి ఒళ్లో కప్పుకునే ఉండేవాడు.

“పడవకి పనికిరాలేదు, బండికీ పనికిరాలేదు. ఇంక నేనెందుకే?” అన్నాడొకసారి.

జాలి పడ్డానని రాస్తే అబద్ధం. బతికున్న చేతిని శవంలా కప్పిపెట్టుకున్న మనిషిని చూస్తే నాకు రోత పుట్టింది. ఆయనకి చెప్పకుండా, మా వీధి చివర ఆటో నడిపే అతన్ని సోమవారం నుంచి చేపలకి రమ్మని మాట్లాడుకున్నాను.

ముందురోజు ఆదివారం. ఎప్పటిలాగే బండి కడిగి, గ్రీజు డబ్బా తీశాను. పడవ మానేసిన రోజు ఇంటికి తెచ్చుకున్న డబ్బా అది. ఉప్పుగాలి తగిలే ఇనుముకి గ్రీజు పెట్టకుండా వదలడం మా ఇళ్లలో లేదు. వేలితో గ్రీజు తీసి, లివర్ మొదట్లో క్లచ్ వైరు దూరే చోట కూరబోతూ, ఎందుకో ఆ లివర్ని గట్టిగా నొక్కాను. ఐసు పెట్టెలు మోసిన చెయ్యి నాది. దానికీ లొంగలేదు.

“మావా, పానా పట్టుకుని ఇటు రా!”

ఆయన వైరు రెండు కొసలూ ఊడదీశాడు. వైరు ఊడేసరికి లివర్ ఊరికే ఊగింది. గొట్టంలో వైరు మాత్రం కదల్లేదు. కప్పీలో తాడు ఇరుక్కుంటే ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు. ఆయన కాలు తన్నిపెట్టి లాగాడు. వైరుతో పాటు నల్లటి ముద్ద బయటికొచ్చింది. తుప్పు, ఇసక, గ్రీజు కలిసిన ముద్ద, చచ్చిన పీతలా కంపు కొడుతూ. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“ఇది పడవ ఇంజను గ్రీజు. దీంట్లో ఎవడు కూరాడే?”

డబ్బా నా చేతిలోనే ఉంది. మూత ఎప్పుడో పోయింది. వాకిట్లో ఇసక ఎగిరి అందులో పడుతూనే ఉంది. దాన్నే వారం వారం నేను ఆ వైరుకి తినిపించాను.

“నేనే,” అన్నాను.

“మరి నడిరోడ్డు మీద తిట్టింది ఎవర్ని?”

ఆయన రేపల్లె బజారుకి నడిచి వెళ్లి కొత్త వైరు తెచ్చి తనే బిగించాడు.

సోమవారం ఆటో అతను వచ్చాడు. అతనికి రావద్దని చెప్పడం మర్చిపోయాను. మా ఆయన అప్పటికే తువ్వాలు తలకి చుట్టుకుని బండి మీద ఉన్నాడు.

“అక్కా, పెట్టె ఎక్కించనా?” అన్నాడు ఆటో అతను.

“ఇతనెందుకొచ్చాడే?” అన్నాడు మా ఆయన.

నోటి దాకా రెండు మూడు అబద్ధాలు వచ్చాయి. అవి మింగడం కుళ్లిన చేపని మింగినట్టే ఉంది.

“నీ చెయ్యి అయిపోయిందని నేనే పిలిచాను.”

ఆటో అతను తలదించుకుని వెనక్కి తిరిగాడు. మా ఆయన రెండు వేళ్లతో క్లచ్ నొక్కి వదిలాడు. మళ్లీ నొక్కాడు.

“ఆ డబ్బా ఏదీ?”

“పారేశాను.”

“ఎక్కు.”

నగరం దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద బండి మెల్లగా ఎక్కి దిగింది. చేప నీళ్లు చీర మీదకి కారుతూనే ఉన్నాయి. ఆ రోజు నాకు రోత పుట్టించింది ఆ కంపు కాదు.